ఒకే టవరా, పదహారు డబ్బాలా? మన ఏరియాకి ఏ యాంటెన్నా ఏర్పాటు నప్పుతుందో లెక్క వేసుకోవడం ఎలా

యాంటెన్నాలన్నీ ఒకచోట పెడితే మంచిదా, ఏరియా అంతా పంచితే మంచిదా అని అడిగి చూడండి. ఎంటెక్ చేసే కుర్రాళ్లు "పంచడమే, పేపర్లన్నీ అదే చెబుతున్నాయి" అంటారు. ఫీల్డ్‌లో తిరిగే ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) ఇంజినీర్లు "టవరే, మిగతావన్నీ ల్యాబ్ కబుర్లు" అంటారు. ఏ లెక్క వేసి చెబుతున్నారు బాబూ అని అడిగితే మాత్రం ఇద్దరూ కాస్త తడుముకుంటారు. నిజానికి ఆ లెక్క పెద్ద కష్టమేమీ కాదు, ఒక కాగితం, ఒక ఫోను, పైథానో ఆక్టేవో ఉన్న ఒక ల్యాప్‌టాప్ చాలు. ప్రాజెక్టు చేస్తున్న ఈసీఈ విద్యార్థులకీ, ప్లానింగ్ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఉదాహరణలన్నీ హైదరాబాద్‌వే తీసుకున్నాను, బయటికెళ్లి మీరే సరిచూసుకోవచ్చు కాబట్టి.

ముందు దేన్ని దేనితో పోలుస్తున్నారో తేల్చుకోండి

ఇక్కడ తప్పితే ఆ తర్వాత ఎంత లెక్క వేసినా దండగే. ఒకచోట పెట్టడం అంటే, ఇప్పుడు మన డాబాల మీద కనిపిస్తున్న 5జీ ప్యానెల్. 64 ట్రాన్స్‌మిటర్లు, 64 రిసీవర్లు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉంటాయి. మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది, నగరాల్లో ఎక్కువ పని చేసేది 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్. ఆ చుట్టుపక్కల, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర, తరంగం పొడవు సుమారు 8.6 సెంటీమీటర్లు, అందులో సగం దూరానికొక యాంటెన్నా పెట్టుకుంటూ పోయినా మొత్తం ప్యానెల్ ఒక మనిషి మోయగలిగేంత పెట్టెలో ఇమిడిపోతుంది. దీని వెనక ఉన్న సిద్ధాంతం బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన థామస్ మార్జెట్టా 2010లో రాసిన పేపర్ నుంచి వచ్చింది.

పంచడం అంటే అవే 64 యాంటెన్నాల్ని, ఉదాహరణకి నాలుగు నాలుగు చొప్పున 16 చోట్ల పెట్టి, అన్నిటినీ ఫైబర్‌తో ఒకే ప్రాసెసర్‌కి కలిపి, మీ ఫోనుకి చుట్టుపక్కల యూనిట్లన్నీ కలిసి ఒక్కటిగా సిగ్నల్ పంపేలా చేయడం. సెల్‌ఫ్రీ మాసివ్ మైమో అనే పేరు వినే ఉంటారు, అది ఇదే (మైమో అంటే చాలా యాంటెన్నాలతో ఒకేసారి పంపడం, అందుకోవడం). ఈ యూనిట్లని ఇక నుంచి డబ్బాలనే అంటాను, రాయడానికి సులువు.

ఇక్కడ రెండు వేరే సరుకులు వచ్చి కలిసిపోతుంటాయి, జాగ్రత్త. మాల్‌లోనో ఎయిర్‌పోర్టులోనో సీలింగ్‌కి బోర్లించిన ప్రమిదల్లా తెల్లగా కనిపించే యాంటెన్నాలు ఉంటాయి చూడండి, వాటిని డాస్ అంటారు. మామూలు డాస్‌లో అన్ని యాంటెన్నాల నుంచీ అదే సిగ్నల్ వెళ్తుంది, ఎవరికి వాళ్లకి వేరే బీమ్, అంటే వాళ్లవైపే తిప్పిన సిగ్నల్, వేయడం ఉండదు. అది కవరేజి కోసం పెట్టింది, దాన్ని తెచ్చి 64 యాంటెన్నాల ప్యానెల్‌తో కెపాసిటీలో పోల్చకండి. రెండోది స్మాల్ సెల్. ఇది చూడటానికి డబ్బాలాగే ఉంటుంది గానీ ఎవరి సెల్ వాళ్లదే, పక్క డబ్బాతో కలిసి పనిచేయదు, పైగా దాని సిగ్నల్‌కి అడ్డు తగులుతుంది, అంటే అంతరాయం. 2017లో సెల్‌ఫ్రీ మీద వచ్చిన ప్రసిద్ధ పేపర్‌లో 95 శాతం మందికి దక్కే స్పీడ్ అయిదు రెట్లు, షాడోయింగ్, అంటే గోడలూ బిల్డింగులూ అడ్డొచ్చి సిగ్నల్ తగ్గడం, చుట్టుపక్కలవాళ్లకి ఒకేలా ఉంటే పది రెట్లు పెరిగిందని ఉంది, అది స్మాల్ సెల్స్‌తో పోలిక. దాన్నే పట్టుకుని "టవర్ కన్నా అయిదు రెట్లు మేలు" అని స్లైడ్‌లో రాసేవాళ్లని చాలామందిని చూశాను. మీరు రాయకండి.

ఏది సమానంగా ఉంచాలి

యాంటెన్నాల సంఖ్య సమానం. మొత్తం ట్రాన్స్‌మిట్ పవర్ సమానం. బ్యాండ్‌విడ్త్ సమానం, 100 మెగాహెర్ట్జ్ అనుకోండి. ఈ మూడూ కాగితం పైన ముందే రాసి పెట్టుకోండి. 16 డబ్బాలకీ ఒక్కోదానికి టవర్ అంత పవర్ ఇచ్చేసి, చూశారా పంచితే ఎంత బాగుందో అంటే అది పోలిక కాదు, పవర్ పెంచడం. అలాగే ఒక్క టవర్‌ని 64 యాంటెన్నాలతోనూ, డబ్బాల్ని ఒక్కో యాంటెన్నాతోనూ పెట్టి టవర్ గెలిచిందనడం కూడా అంతే.

చేత్తో వేసే లెక్క

మణికొండ లాంటి చోటు ఊహించుకోండి. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు, మధ్యలో రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సిన సందులు. అందులో 400 మీటర్లకి 400 మీటర్ల చదరం గీయండి. మొదటి పద్ధతిలో ప్యానెల్ నట్టనడుమ ఉంటుంది. రెండో పద్ధతిలో 16 డబ్బాలు వరసకి నాలుగు చొప్పున నాలుగు వరసలు, ఒకదానికొకటి 100 మీటర్ల దూరంలో.

ఇప్పుడు చదరం మూలలో నిలబడ్డ మనిషిని తీసుకోండి. ప్యానెల్‌కి అతని దూరం 283 మీటర్లు, దగ్గరి డబ్బాకి 71 మీటర్లు. అంటే సరిగ్గా నాలుగో వంతు. ఇలాంటి కట్టడాల మధ్య పాత్‌లాస్ ఎక్స్‌పొనెంట్, అంటే దూరంతో సిగ్నల్ ఎంత వేగంగా పడిపోతుందో చెప్పే అంకె, 3.5 వేసుకుంటే, నాలుగు రెట్ల దూరానికి 21 డీబీ తేడా వస్తుంది (డీబీ అంటే డెసిబెల్, 3 డీబీ అంటే పవర్ సుమారు రెట్టింపు, 10 డీబీ అంటే పది రెట్లు). ఎత్తుల్ని ఇప్పటికి వదిలేశాను.

ప్యానెల్ వైపు లెక్క: 64 యాంటెన్నాలు కలిసి బీమ్ వేస్తే 18 డీబీ లాభం. ఇదే మన కొలబద్ద, 18.

డబ్బా వైపు: నాలుగు యాంటెన్నాలకి 6 డీబీ లాభం, దగ్గరగా ఉన్నందుకు 21 డీబీ, మొత్తం 27. ఆహా గెలిచింది అనుకునేలోపు పవర్ గుర్తు చేసుకోండి. మొత్తం పవర్‌ని 16 డబ్బాలకి పంచాం కాబట్టి ఒక్కోదానికి 12 డీబీ తక్కువ. 27లో 12 పోతే 15. ఒక్క దగ్గరి డబ్బానే పంపితే, మూలలో ఉన్న మనిషికి కూడా ప్యానెలే 3 డీబీ ఎక్కువ ఇస్తోందన్నమాట. మొదటిసారి ఈ లెక్క చూసినవాళ్లు నమ్మరు, మళ్లీ వేసుకుంటారు. వేసుకోండి, అదే వస్తుంది.

మరి మిగతా డబ్బాలు కూడా కలిస్తే? మూలకి తర్వాతి దగ్గరి డబ్బాలు రెండు 158 మీటర్లలో, ఇంకొకటి 212 మీటర్లలో ఉన్నాయి. ఈ నాలుగూ ఫేజ్ కలుపుకుని, అంటే అలలన్నీ ఫోను దగ్గరికి ఒకే తాళంలో చేరేలా పంపితే మొత్తం 19.3 డీబీ అవుతుంది, ప్యానెల్‌ని కాస్త దాటుతుంది. ఫేజ్ కలపకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు పంపితే 15.6 మాత్రమే, అంటే ఒక్క డబ్బాతో వచ్చినదానికి 0.6 డీబీ ఎక్కువ. మూడు అదనపు డబ్బాలు పెట్టి, ఫైబర్ లాగి, కరెంటు ఇచ్చి, 0.6 డీబీ! పంచిన పద్ధతిలో అసలు సరుకంతా ఆ ఫేజ్ కలపడంలోనే ఉందని ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇదంతా ఒకే ఒక్క యూజర్ ఉంటే. ఇప్పుడు ఎనిమిది మంది ఒకేసారి వాడుతున్నారనుకోండి, చదరంలో ఒక్కొక్కరు ఒక్కో చోట. ప్యానెల్ తన పవర్‌ని ఎనిమిది వాటాలు వేయాలి, ఒక్కొక్కరికి 9 డీబీ తగ్గి 18 కాస్తా 9 అవుతుంది. డబ్బాల పద్ధతిలో ఎవరి పక్కన ఉన్న డబ్బా వాళ్లకే పనిచేస్తుంది కాబట్టి మూలలో మనిషికి ఆ 15 అలాగే ఉంటుంది. ఇప్పుడు డబ్బా 6 డీబీ ముందుంది. కాబట్టి "ఏది మేలు" అనే ముందు ఒకేసారి ఎంతమంది అని అడగండి. రాత్రి తొమ్మిదింటికి ఓటీటీ చూసే అపార్ట్‌మెంట్ల బ్లాకుకి వచ్చే జవాబు, మధ్యాహ్నం ఖాళీగా ఉండే కాలనీకి రాదు.

అంతరాయం సంగతి కూడా ఇక్కడే చూడాలి. పక్కపక్క డబ్బాలు రెండిటికీ సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి తన డబ్బా, పక్కవాళ్ల కోసం పంపుతున్న డబ్బా రెండూ ఒకే దూరం. కలిసి పనిచేయని స్మాల్ సెల్ అయితే, తనవైపు బీమ్ తిప్పినందుకు వచ్చే 6 డీబీనే అతనికి మిగిలేది. ప్యానెల్‌కి ఈ బాధ తక్కువ, 64 యాంటెన్నాలతో ఎనిమిది మందిని ఒకరి నుంచి ఒకరిని విడదీయడానికి అది కోల్పోయేది సుమారు అర డీబీయే. ఇది మంచి పరిస్థితుల్లో మాటనుకోండి, అది ఎక్కడ చెడుతుందో కింద చెబుతాను.

అప్‌లింక్‌ని విడిగా వేయండి, కలపకండి

అప్‌లింక్ అంటే ఫోను నుంచి టవర్‌కి, డౌన్‌లింక్ అంటే టవర్ నుంచి ఫోనుకి. చాలా రిపోర్టుల్లో డౌన్‌లింక్ ఒక్కటే ఉంటుంది, నాకు ఇది అస్సలు నచ్చదు. ఫోను పంపేటప్పుడు పవర్ పంచుకునే గొడవే లేదు. మామూలు ఫోను గరిష్ఠంగా పంపేది 200 మిల్లీవాట్లు, వినేది టవరైనా డబ్బా అయినా. పైన మనం తీసేసిన ఆ 12 డీబీ ఇక్కడ తీయక్కర్లేదు. మూలలో మనిషికి ప్యానెల్ దగ్గర 18, దగ్గరి డబ్బా దగ్గర 27. నేరుగా 9 డీబీ లాభం, అంటే ఎనిమిది రెట్లు, అదీ ఫేజ్ కలపడం లాంటి కష్టమేమీ లేకుండా ఒక్క డబ్బాతోనే. నాలుగు డబ్బాలు విన్నది కలిపితే 27.7.

వీడియో కాల్‌లో అవతలివాళ్లు మనకి బాగానే కనిపిస్తూ, మనం మాత్రం వాళ్లకి ముక్కలు ముక్కలుగా కనిపించడం, లోపలి గదిలోంచి వాట్సాప్‌లో ఫొటో పంపితే ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉండటం, ఇవన్నీ అప్‌లింక్ బాధలు. ఫోను బ్యాటరీ త్వరగా అయిపోవడంలోనూ దీనికి వాటా ఉంది, దూరంగా ఉన్న టవర్‌కి వినిపించాలంటే ఫోను పూర్తి గొంతుతో అరవాలి మరి. మీ ఏరియా ఫిర్యాదుల్లో ఇలాంటివే ఎక్కువ ఉంటే, డౌన్‌లింక్ అంకెలు ఏం చెప్పినా సరే, పంచే పద్ధతివైపు మొగ్గండి.

సిమ్యులేషన్‌లో సగటు చూడకండి

చేత్తో వేసిన లెక్క ఒక్క మూలకే. మొత్తం చదరానికి కావాలంటే ల్యాప్‌టాప్ తెరవండి. కొన్ని వేల మంది యూజర్లని చదరంలో ఎక్కడపడితే అక్కడ వేయండి, ప్రతి ఒక్కరికీ ప్యానెల్‌తోనూ 16 డబ్బాలతోనూ పాత్‌లాస్ లెక్కించండి, దాని మీద షాడోయింగ్ కలపండి. మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ ఇచ్చిన 38.901 మోడల్‌లో నేరుగా కనిపించని దారులకి, డాబా ఎత్తు టవర్లకి 6 డీబీ, వీధి ఎత్తు యూనిట్లకి 7.82 డీబీ ప్రామాణిక విచలనం ఇచ్చారు, అవే వాడండి. షాడోయింగ్‌ని ఒక్కో డబ్బాకి విడివిడిగా వేయాలి, ఎందుకంటే పంచడంలో ఉన్న అసలు బలం అదే కదా, ఒక డబ్బాకి గోడ అడ్డొస్తే ఇంకొకటి పక్క సందులోంచి కనిపిస్తుంది. ప్యానెల్‌కి అడ్డొస్తే 64 యాంటెన్నాలకీ ఒకేసారి అడ్డొచ్చినట్టే.

తర్వాత అందరి స్పీడ్లనీ చిన్న నుంచి పెద్దకి పేర్చి, కింద నుంచి 5 శాతం దగ్గర ఉన్న అంకె తీయండి. సగటు తీస్తే ప్యానెల్ కింద 50 మీటర్లలో ఉన్న అదృష్టవంతుడు లెక్కనంతా లాగేస్తాడు. మూలలో మనిషి కన్నా అతనికి 26 డీబీ ఎక్కువ వస్తోంది, కానీ అంత సిగ్నల్‌తో అతను చేసేదేముంది, మాడ్యులేషన్, అంటే అల మీద బిట్లు ఎక్కించే తీరు, ఒక స్థాయి దాటాక స్పీడ్ పెరగదు. పంచిన పద్ధతిలో ఎవరూ దగ్గరి డబ్బాకి 71 మీటర్లు మించి దూరంలో లేరు, కాబట్టి గొప్పవాళ్లూ తక్కువే, అధ్వానంగా ఉన్నవాళ్లూ తక్కువే. సగటులో రెండూ దగ్గర దగ్గరగా కనిపించి, కింది 5 శాతంలో తేడా బయటపడితే కంగారు పడకండి, అలా రావడమే సహజం.

ఫేజ్ లెక్క, ఫైబర్ లెక్క

పేపర్లు ఒక వాక్యంలో దాటేసి వెళ్లిపోయేది ఇదే, ఫీల్డ్‌లో పీక మీదికి వచ్చేదీ ఇదే.

3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక అల పూర్తి కావడానికి పట్టే టైమ్ 286 పికోసెకన్లు. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ మధ్య పది డిగ్రీల ఫేజ్ తేడా రావడానికి 8 పికోసెకన్లు చాలు. మరి ఇప్పటి టీడీడీ నెట్‌వర్క్‌లో, అంటే పంపడం, వినడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా జరిగేదాంట్లో, సైట్ల మధ్య అనుమతించే టైమ్ తేడా ఎంతో తెలుసా? 3 మైక్రోసెకన్లు. ఆ లోపు మన అల పది వేల సార్లకి పైగా తిరిగేస్తుంది. జీపీఎస్ పెట్టాం కదా సింక్ అయిపోయింది అని ఎవరైనా అంటే ఈ రెండు అంకెలు చూపించండి. ఫేజ్ కలపాలంటే డబ్బాలు ఒకదానికొకటి సిగ్నల్ పంపుకుని పదే పదే క్యాలిబ్రేట్ చేసుకోవాలి, లేదా ఒకే క్లాక్‌ని అన్నిటికీ ఫైబర్‌లో పంచాలి. ప్యానెల్‌లో ఈ బాధ లేదని కాదు, కానీ అన్నీ ఒకే పెట్టెలో, ఒకే క్లాక్ మీద ఉంటాయి కాబట్టి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే చాలామటుకు తీరిపోయి ఉంటుంది. 4జీలో రిలీజ్ 11 (ప్రమాణాల పదకొండో విడత) నాటికే కాంప్ పేరుతో సైట్లని కలపాలని చూశారు, ఆశించినంత దక్కలేదు. 5జీలో రిలీజ్ 18లో మళ్లీ ఫేజ్ కలిపి పంపే ఏర్పాటు తెచ్చారు, అదీ గరిష్ఠంగా నాలుగు చోట్ల నుంచి. మన చేతి లెక్కలో నాలుగు డబ్బాలు తీసుకున్నది అందుకే.

ఇక ఫైబర్. 100 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో యాంటెన్నా దగ్గర సెకనుకి 12.288 కోట్ల శాంపిళ్లు వస్తాయి, ఒక్కో శాంపిల్‌కి 30 బిట్లు వేసుకుంటే 3.69 గిగాబిట్లు. నాలుగు యాంటెన్నాల డబ్బాకి 14.7 గిగాబిట్లు. 16 డబ్బాలవీ కలిపితే 236 గిగాబిట్లు, అదీ ఓవర్‌హెడ్ కలపకముందు. ఇంత ఎవరూ లాగరు. కొంత ప్రాసెసింగ్ డబ్బాలోనే చేసేసి, మిగిలింది మాత్రమే ప్రాసెసర్‌కి పంపుతారు, అప్పుడు ఫైబర్ మీద భారం బాగా తగ్గుతుంది, కానీ అంతరాయాన్ని అణిచే తెలివి కూడా కొంత తగ్గుతుంది. ఎంత పని డబ్బాలో, ఎంత పని మధ్యలో అన్నది మీ రిపోర్టులో తప్పకుండా రాయాలి, అది రాయని పోలిక సగం పోలికే. ఆలస్యం పెద్ద సమస్య కాదు, ఫైబర్‌లో కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు, మన చదరం అరకిలోమీటరు కూడా లేదు.

అసలు ఫైబర్ ఎక్కడ లాగుతారన్నది ఇంకో సంగతి. హైదరాబాద్‌లో కాలనీల్లో కేబుళ్లు చాలావరకు కరెంటు స్తంభాల మీదే వేలాడతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, నగరంలో స్తంభాల మీది కేబుళ్లని పెద్ద ఎత్తున కోసేయడం, ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోవడం అందరం చూశాం. టవర్‌కి ఒక్క ఫైబర్ తెగితే రెండో దారి పెట్టుకోవచ్చు. 16 డబ్బాలకి 16 తీగలు స్తంభాల మీదుగా వెళ్తుంటే, మీ నెట్‌వర్క్ గతి నిచ్చెనేసుకుని వచ్చిన లైన్‌మన్ చేతిలో ఉన్నట్టే. భూమిలోంచి వేస్తారా, రోడ్డు తవ్వడానికి అనుమతి ఎవరిస్తారు, 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రైట్ ఆఫ్ వే రూల్స్ కింద దరఖాస్తు ఎలా చేయాలి, ఇవన్నీ ఖర్చు కాలమ్‌లో రాయండి. ఒక్కో డబ్బాకి కరెంటు కనెక్షన్, కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ, వానాకాలంలో నీళ్లు దిగకుండా చూడటం కూడా అక్కడే. టవర్‌కి ఒక జనరేటర్ చాలు, సందు సందుకీ జనరేటర్ పెట్టలేం కదా.

ఇప్పుడు ఫోను పట్టుకుని బయటికి వెళ్లండి

ఆండ్రాయిడ్ ఫోనులో జీనెట్‌ట్రాక్ లాంటి యాప్ వేసుకోండి. చూడాల్సినవి రెండే, ఆర్ఎస్ఆర్‌పీ, ఎస్ఐఎన్ఆర్. మొదటిది సిగ్నల్ బలం, మైనస్ 80 అంటే హాయి, మైనస్ 110 అంటే కష్టకాలం. రెండోది అంతరాయంతో పోలిస్తే సిగ్నల్ ఎంత అన్నది. మొదటిది బాగుండి రెండోది చెడిందంటే అక్కడ కవరేజి లోటు లేదు, సెల్స్ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అలాంటి చోట కలిసి పనిచేయని కొత్త డబ్బా పెడితే రోగం ముదురుతుంది. రెండూ చెడ్డాయంటే అడ్డు ఎక్కువ ఉందని.

కొలిచేటప్పుడు రోడ్డు మీద నడిచి వచ్చేయకండి. బాల్కనీలో ఒకసారి, హాల్లో ఒకసారి, లోపలి బెడ్‌రూమ్‌లో తలుపేసి ఒకసారి, లిఫ్ట్ ముందు ఒకసారి, సెల్లార్ పార్కింగ్‌లో ఒకసారి చూడండి. ప్రతిచోటా ఒక నిమిషం ఆగండి, వచ్చిన అంకెల్లో మధ్యది రాసుకోండి. ఫోను చేతిలో పట్టుకునే తీరు మారినా కొన్ని డీబీలు మారతాయి, కాబట్టి ఒకేలా పట్టుకోండి. అన్నిచోట్లా అదే ఫోను, అదే సిమ్.

నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తే గాజు బిల్డింగుల్లో ఒక సంగతి గమనించండి. అద్దం అవతల, అంటే బయట మెట్ల మీద నిలబడి చూసి, రెండడుగులు వేసి లోపలికొచ్చి మళ్లీ చూడండి. అదే 38.901 మోడల్ ప్రకారం 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర మామూలు అద్దం తినేది 2.7 డీబీ, ఎండ వేడి ఆపే పూత పూసిన అద్దం తినేది 24 డీబీ. మన ప్యానెల్ 64 యాంటెన్నాలతో సంపాదించిన 18 డీబీ ఆ అద్దం దగ్గరే అయిపోయి, ఇంకో 6 బాకీ పడుతుంది. బయట టవర్ ఎంత పెద్దదైనా ఇలాంటి బిల్డింగ్ లోపలికి చేరడం దండగ పని, లోపలే యాంటెన్నాలు పంచాలి. ఏసీ బిల్లు తగ్గించే అద్దం సిగ్నల్‌ని కూడా బయటే ఆపేస్తుందని బిల్డర్ బ్రోషర్‌లో రాయరు.

కోకాపేట వైపు నలభై యాభై అంతస్తుల టవర్లలో ఇంకో చిక్కు ఉంది. పైన ప్యానెల్ ఎనిమిది మందిని సులువుగా విడదీస్తుందన్నాను కదా, అది వాళ్లు వేరు వేరు దిక్కుల్లో ఉంటేనే. 64 ట్రాన్స్‌మిటర్ల ప్యానెల్‌లో సాధారణంగా అడ్డంగా ఎనిమిది వరసలు, నిలువుగా నాలుగే ఉంటాయి, రెండు పోలరైజేషన్లతో (అల ఊగే రెండు దిశలతో) కలిపి 64. అంటే కుడి ఎడమలు బాగా చూస్తుంది, పైకిందలు అంత బాగా చూడలేదు. ఎదురుగా నిటారుగా నిలబడ్డ ఒకే టవర్‌లో, ఒకే దిక్కున, ఒకరి మీద ఒకరు ఉన్న యూజర్లు దానికి కలగాపులగంగా కనిపిస్తారు. అదే యాంటెన్నాలు నాలుగు వేరు వేరు చోట్ల ఉంటే ఒక్కో ఫ్లాట్ ఒక్కో కోణంలో కనిపిస్తుంది, విడదీయడం సులువవుతుంది. సిమ్యులేషన్‌లో యూజర్లని నేల మీద మాత్రమే వేసినవాళ్లకి ఇది ఎప్పటికీ తెలియదు, కాబట్టి ఇలాంటి ఏరియాకి ఎత్తుతో సహా వేయండి.

ఎక్కడ ఏది

నా లెక్కలో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు), విశాలమైన కాలనీలు, వీటికి టవర్ ప్యానెలే. వేగంగా వెళ్లే కారుకి ప్రతి 100 మీటర్లకీ డబ్బాల గుంపు మార్చడం ఎందుకు, ఎవరికి లాభం? ఉప్పల్ స్టేడియం లాంటి చోట, వేలమంది ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఒకేసారి వీడియో అప్‌లోడ్ చేస్తుంటే, పంచడం తప్ప దారి లేదు. పైగా అక్కడ ఫైబర్‌కి, కరెంటుకి యజమాని ఒక్కరే, అనుమతుల కోసం పది ఆఫీసులు తిరగక్కర్లేదు. గాజు ఆఫీసులు, ఆస్పత్రులు, మాల్స్ కూడా ఇదే కోవ. చార్మినార్ చుట్టుపక్కల సందులకి రేడియో లెక్క పంచమనే చెబుతుంది, కానీ అక్కడ డబ్బా బిగించడానికి గోడ, దానికి కరెంటు, దానికి ఫైబర్ దొరికేసరికి లెక్క తిరగబడొచ్చు. అక్కడ ముందు ప్యానెల్ వేసి, అప్‌లింక్ మరీ చెడ్డ సందుల్లో మాత్రం నాలుగైదు డబ్బాలు కలపడం నయం. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని రూలేమీ లేదు.

వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ సంగతి దీనికి ఉదాహరణగా తేకండి. ఏడాదిలో ఒకట్రెండు రోజుల రద్దీకి చక్రాల మీద తెచ్చే సైట్లు ఉన్నాయి, దాని కోసం శాశ్వతంగా డబ్బాలు పెట్టరు.

రిపోర్టు రాసేటప్పుడు జవాబు కన్నా ముందు ఈ ఏడు రాయండి: ఎన్ని యాంటెన్నాలు, మొత్తం పవర్ ఎంత, ఒకేసారి ఎంతమంది, పాత్‌లాస్ ఎక్స్‌పొనెంట్ ఎంత, డబ్బాలు ఫేజ్ కలుపుతున్నాయా లేదా, ప్రాసెసింగ్ ఎక్కడ, ఫైబర్ ఏ దారిన. కింద నాలుగు అంకెలు చాలు, డౌన్‌లింక్‌కి రెండు పద్ధతుల్లో కింది 5 శాతం, అప్‌లింక్‌కి రెండు పద్ధతుల్లో కింది 5 శాతం. ఎక్స్‌పొనెంట్‌ని ఒకసారి 3కి తగ్గించి, ఇంకోసారి 4కి పెంచి మళ్లీ వేయండి. 3 దగ్గర నాలుగు రెట్ల దూరానికి తేడా 18 డీబీకి పడిపోయి ప్యానెల్ ఇంకా బలపడుతుంది, 4 దగ్గర 24కి పెరిగి డబ్బా ఒంటరిగానే ప్యానెల్‌ని అందుకుంటుంది. ఈ మూడింట్లోనూ అదే పద్ధతి గెలిస్తే ధైర్యంగా సంతకం పెట్టండి. గెలిచేవాడు మారుతుంటే ఆ ఏరియాలో నిజమైన ఎక్స్‌పొనెంట్ ఎంతో నడిచి కొలిచేదాకా రిపోర్టు పంపకండి.